“వాళ్ళంతే” ఎక్కడ మొదలైంది? ర్యాప్ పాట ముందు పెట్టుకుని వెతుక్కునే పద్ధతి

అమెరికాలో దిగిన మొదటి రాత్రి రూమ్మేట్లు నాకు మూడు విషయాలు చెప్పారు. హీటర్ ముట్టుకోవద్దు, బిల్లు పెరుగుతుంది. మంగళవారం వంట నాది. బయటికెళ్ళేటప్పుడు జేబులో ఇరవై డాలర్ల నోటు ఒకటి విడిగా పెట్టుకోవాలి, నల్లవాడెవడైనా అడ్డం వస్తే మారు మాట్లాడకుండా తీసి ఇచ్చెయ్యాలి. మూడోది చెప్పినవాడు చాలా మంచివాడు, నన్ను ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చిందీ అతనే. అప్పటికి నేను జీవితంలో మాట్లాడిన నల్లజాతి మనిషి ఒక్కడే, ఆ మధ్యాహ్నం పాస్‌పోర్టు మీద ముద్ర వేసిన ఆఫీసరు, “వెల్కమ్” అని నవ్వాడు కూడా. ఆ నవ్వు లెక్కలోకి రాలేదు. ఇరవై డాలర్ల నోటు మాత్రం రెండేళ్ళు నా జేబులో ఉంది.

ప్రెజుడిస్ అన్న మాటకి పుస్తకాల తెలుగులో పక్షపాతం, దురభిప్రాయం, ఇంకేవో ఉన్నాయి గానీ ఇళ్ళల్లో దానికి ఒకటే పేరు: “వాళ్ళంతే.” అది మనలోకి ఎప్పుడొచ్చింది, ఎవరి నోటి నుంచి వచ్చింది, మన కళ్ళతో చూసింది ఎంత, విన్నది ఎంత అని వెతుక్కోవడానికి నేను కొన్నేళ్ళుగా వాడుతున్న పద్ధతి ఇది. ర్యాప్ ఎందుకంటే, నాలుగు నిమిషాల్లో ఒక మనిషి తను ఏ వీధిలో పెరిగాడో, ఇంట్లో ఏం విన్నాడో, బయట ఏం చూశాడో, దాంతో ఎవరి మీద పగ పెంచుకున్నాడో అంతా వరసగా చెప్పేస్తాడు. మన సినిమా పాటలో అంత జాగా ఉండదు, పల్లవి మళ్ళీ వచ్చేస్తుంది. పైగా మంచి ర్యాపర్ తన బుర్రలో ఉన్న చెత్తని కూడా దాచడు, మనకి కావలసింది అదే.

అన్ని ర్యాప్ పాటలూ పనికిరావు. కార్లు, గొలుసులు, బూతులు తప్ప ఏమీ లేనివి బోలెడున్నాయి, వాటిని జిమ్‌లో వినండి. నేను వాడేవి ఐదు: గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్ వాళ్ళ ‘ద మెసేజ్’ (1982), ఐస్ క్యూబ్ ‘బ్లాక్ కొరియా’ (1991), టుపాక్ ‘కీప్ యా హెడ్ అప్’ (1993), కెండ్రిక్ లమార్ ‘ద బ్లాకర్ ద బెర్రీ’ (2015), జాయ్నర్ లూకస్ ‘ఐయామ్ నాట్ రేసిస్ట్’ (2017). ఒక నోట్‌బుక్, పెన్ను, రెండు మూడు సాయంత్రాలు చాలు. ఈ పాటల్లోనూ బూతులుంటాయి, పిల్లలు పక్కనుంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. మొదటిసారి మాత్రం ఒక్కరే కూర్చోండి.

అడుగు 1: లిరిక్స్ చూడకుండా వినండి, తల ఎక్కడ ఊగిందో రాసుకోండి

జాయ్నర్ లూకస్‌తో మొదలుపెట్టండి. దాదాపు ఏడు నిమిషాల పాట. వీడియోలో మొదటి సగం ట్రంప్ నినాదం ఉన్న ఎర్ర టోపీ పెట్టుకున్న తెల్లాయన నల్లవాళ్ళ మీద తన కడుపులో ఉన్నదంతా కక్కుతాడు, రెండో సగం ఎదురుగా కూర్చున్న నల్ల యువకుడు జవాబు చెప్తాడు. మీరు చేసేది ఇంతే: ఏ లైను దగ్గర కోపం వచ్చింది, ఏ లైను దగ్గర “అది మాత్రం నిజమే కదా” అనిపించింది, రెండూ రాయండి. అసలు సరుకు రెండోదాంట్లో ఉంటుంది. ఎవరూ చూడరు కాబట్టి నిజం రాసెయ్యండి, ఇక్కడ మొహమాటపడితే మిగతా అడుగులన్నీ దండగ.

నా నోట్‌బుక్‌లో ఏముందంటే, ప్రభుత్వం పెట్టేదాని మీద బతుకుతారని, కష్టపడరని, ఎప్పుడో జరిగిన బానిసత్వానికి తనని అనడమేంటని ఆ తెల్లాయన విసుక్కుంటుంటే నా తల చిన్నగా ఊగింది. ఊగిన వెంటనే అనుమానం వచ్చింది, ఇది నేనెక్కడో విన్నాను, ఇంగ్లీషులో కాదు. ఎంసెట్ ర్యాంకులొచ్చిన వేసవిలో, మా ఇంటి అరుగు మీద, మా పెదనాన్నా పక్కింటి మాస్టారూ రిజర్వేషన్ల గురించి మాట్లాడుకుంటుంటే విన్నాను. “తాతల నాడు ఏదో జరిగిందని మా పిల్లలు నష్టపోవాలా?” మాటలు వేరు, రాగం అదే. నాకు ర్యాంకు రాకపోవడానికి నేను చదవకపోవడమే కారణమని నాకు బాగా తెలుసు, కానీ అరుగు మీద దానికి వేరే కారణం దొరికింది, హాయిగా ఒప్పేసుకున్నాను. పదిహేడేళ్ళప్పుడు గుంటూరు జిల్లాలో ఎక్కిన రాగానికి ఇన్నేళ్ళ తర్వాత అమెరికన్ పాటలో తల ఊగింది చూడండి, అలాంటిదే మీకూ ఒకటి దొరుకుతుంది. ఈ అడుగులో దాన్ని పట్టుకుంటే చాలు, విమర్శ అప్పుడే వద్దు.

అడుగు 2: పాటలో “నేను” అంటున్నది ఎవరో తేల్చుకోండి

ఇది చిన్న పనే గానీ చాలామంది ఇక్కడే తప్పుతారు. ఆ పాటలో ఎర్ర టోపీ ఆయన పెదాలు కదిలిస్తాడంతే, రెండు గొంతులూ జాయ్నర్ లూకస్‌వే, మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో పెరిగిన నల్లజాతి ర్యాపర్. అంటే అతను తనని ద్వేషించే మనిషి బుర్రలో కూర్చుని రాశాడు. బుర్రకథలో ఒకే కథకుడు వీరుడి మాటా శత్రువు మాటా రెండూ చెప్తాడు, శత్రువు మాట చెప్పాడని మనమెవరం కథకుడి మీద రాళ్ళు వెయ్యం. ర్యాప్ దగ్గరికొచ్చేసరికి మాత్రం “వీడే రౌడీ, అందుకే రౌడీ పాట పాడుతున్నాడు” అనేస్తాం. ఎందుకనేస్తాం? ఆ ప్రశ్న కూడా నోట్‌బుక్‌లో రాసుకోండి.

ప్రతి పాటకీ పేజీ పైన నాలుగు మాటలు: మాట్లాడేవాడెవడు, వయసెంత, ఎక్కడున్నాడు, ఎవరితో అంటున్నాడు.

అడుగు 3: ఊరు, సంవత్సరం

ర్యాప్‌కి తల్లిలాంటి హిప్‌హాప్ పుట్టిన చోటుకి డోర్ నంబర్ కూడా ఉంది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అపార్ట్‌మెంట్లలో డీజే కూల్ హర్క్ తన చెల్లెలు పెట్టిన పార్టీకి రికార్డులు వాయించాడు. ఆ చుట్టుపక్కల అప్పటికే ఏం జరిగిందో తెలిస్తే పాట వేరేగా వినపడుతుంది. క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే కోసం ఇళ్ళ మధ్య నుంచి రోడ్డు కోసేశారు, వేలమంది ఖాళీ చెయ్యాల్సి వచ్చింది, 1970లలో బిల్డింగులు వరసగా తగలబడ్డాయి, కొన్నిటిని ఇన్సూరెన్స్ డబ్బు కోసం ఓనర్లే తగలబెట్టించారు.

ఇంకా వెనక్కి వెళ్ళండి. 1930లలో హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఊరూరా పేటలకి రంగులు వేసి మ్యాపులు చేయించింది. ఎరుపు అంటే ప్రమాదం. ఆ ఫారాల్లో, ఈ పేటలోకి ఎవరు “చొరబడుతున్నారు” అని రాయడానికి విడిగా ఒక గడి ఉండేది. నల్లవాళ్ళున్న పేటకి ఎరుపు పడేది. 1934లో వచ్చిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ కూడా అలాంటి చోట్ల ఇంటి లోన్లకి పూచీ ఇవ్వలేదు. ఇళ్ళ విషయంలో ఈ వివక్షని నిషేధిస్తూ చట్టం 1968లో గానీ రాలేదు. ఇల్లు కొనలేకపోతే పిల్లలకి వదిలి వెళ్ళడానికి ఏమీ ఉండదు, స్కూళ్ళ డబ్బులో పెద్ద వాటా ఆ చుట్టుపక్కల ఇళ్ళ పన్నుల నుంచే వస్తుంది కాబట్టి స్కూలూ బాగుండదు. ఎనభై ఏళ్ళ తర్వాత మనం ఇల్లు కొనడానికి వెళ్ళి స్కూల్ రేటింగ్ చూసి “ఆ ఏరియా మంచిది కాదట” అంటాం. అన్నది మనమే, రంగు వేసింది ఎప్పుడో ఎవరో.

లాస్ ఏంజెలెస్ పక్కనున్న కెండ్రిక్ లమార్ ఊరు కాంప్టన్‌నీ ఇలాగే తిరగేయండి. ఒకప్పుడది తెల్లవాళ్ళ ఊరు, తర్వాత ప్రెసిడెంట్లయిన తండ్రీకొడుకులు బుష్‌లు 1949లో కొన్నాళ్ళు అక్కడే ఉన్నారు. కెండ్రిక్ పుట్టింది 1987లో. అంతకు ముందు ఏడాదే కొత్త మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. 5 గ్రాముల క్రాక్ (గడ్డకట్టించిన కొకెయిన్) అమ్మినా, 500 గ్రాముల పొడి కొకెయిన్ అమ్మినా కనీసం ఐదేళ్ళ జైలు, సరుకు ఒకటే, క్రాక్ కేసుల్లో ఎక్కువగా పట్టుబడింది నల్లవాళ్ళు. 2010లో ఆ నూరింతల తేడాని పద్దెనిమిదింతలకి తగ్గించారు, ఎత్తెయ్యలేదు. కాంప్టన్‌లో ఒక పిల్లవాడు పోలీసుని చూడగానే ఎందుకు బిగుసుకుపోతాడో అర్థం కావడానికి మనస్తత్వశాస్త్రం అక్కర్లేదు, క్యాలెండర్ చాలు.

అడుగు 4: పేజీని మూడు గళ్ళు చెయ్యండి: విన్నది, చూసింది, నాకు జరిగింది

దీనికి ‘ద మెసేజ్’ చివరి చరణం తీసుకోండి. ఏమీ తెలియని పసివాడు పుడతాడు. ఆ వీధిలో డబ్బున్నవాళ్ళుగా వాడికి కనపడేది జూదం నడిపేవాళ్ళు, సరుకు అమ్మేవాళ్ళు, పెద్ద కార్లలో తిరిగేవాళ్ళు. వాళ్ళలా కావాలనుకుంటాడు, బడి మానేస్తాడు, దోపిడీకి దిగుతాడు, జైలుకెళ్తాడు, అక్కడే చచ్చిపోతాడు. మొత్తం బతుకు ఒక చరణంలో అయిపోతుంది. లైను లైనుకీ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి, ఇది వాడు విన్నదా, చూసిందా, వాడికి జరిగిందా అని. వాడికి “జరిగింది” మొదలయ్యేసరికే వాడి లోకం తయారైపోయి ఉంటుంది. నాకు ఆ చరణంలో అన్నిటికంటే బాధ అనిపించేది అదే.

ఎంత చిన్నప్పుడు తయారవుతుందో చూపించినవాళ్ళు కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి దంపతులు. 1940ల ప్రాంతంలో మూడు నుంచి ఏడేళ్ళ నల్ల పిల్లల ముందు రంగు తప్ప అన్నీ ఒకేలా ఉన్న బొమ్మలు పెట్టి ఏది మంచి బొమ్మ అని అడిగారు. ఎక్కువమంది తెల్లబొమ్మని చూపించారు. 1954లో స్కూళ్ళలో వేర్పాటు చెల్లదని సుప్రీం కోర్టు చెప్పిన తీర్పులో ఈ పరిశోధన ప్రస్తావన ఉంది. ఆ పిల్లల్ని కూర్చోబెట్టి “నువ్వు తక్కువ” అని ఎవరూ పాఠం చెప్పి ఉండరు. మన ఇళ్ళల్లోనూ చెప్పరు, “పిల్ల కొంచెం ఛాయ తక్కువ గానీ కళగా ఉంటుంది” అంటారు, “గానీ” దగ్గర పాఠం అయిపోతుంది.

ఇప్పుడు మీ గళ్ళు నింపండి. ఒక జనాన్ని ఎంచుకోండి, ఎవరైనా సరే, నల్లవాళ్ళు, ముస్లింలు, ఫలానా కులంవాళ్ళు, ఫలానా జిల్లావాళ్ళు. నావి చెప్తాను. విన్నది గడి పేజీ దాటింది: ఇరవై డాలర్లు, హాలీవుడ్ సినిమాలు, రాత్రి పది గంటల లోకల్ న్యూస్, పార్టీల్లో “నల్లోళ్ళు” అనే మాటని గొంతు తగ్గించి అనడం (గొంతు తగ్గించామంటే తప్పని మనకీ తెలుసన్నమాటే). చూసింది గడిలో సగం పేజీ. నాకు జరిగింది గడిలో ఒకటే ఉంది. వారాంతాల్లో తెలిసినవాళ్ళ గ్యాస్ స్టేషన్ కౌంటర్‌లో కూర్చునేవాణ్ణి, ఒకరోజు ఒక నల్ల కుర్రాడు బీరు పెట్టె ఎత్తుకుని పరిగెత్తాడు. ఆ కథ నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు, చెప్పిన ప్రతిసారీ కుర్రాడు ఒక అంగుళం పొడుగయ్యాడు. అదే నెలలో ఒక తెల్లాయన పెట్రోల్ పోసుకుని డబ్బు కట్టకుండా వెళ్ళిపోయాడు. “పాపం మర్చిపోయుంటాడు” అన్నాడు మా ఓనరు, నేనూ తలూపాను. ఒకటి దొంగతనమైంది, ఒకటి మతిమరుపైంది. రెండోది గళ్ళు గీసేదాకా నాకు గుర్తు కూడా రాలేదు.

“నా అనుభవం నుంచి చెప్తున్నా” అని మనం అంటుంటాం కదా, అందులో ఏ అనుభవాన్ని దాచుకోవాలో దేన్ని పారెయ్యాలో మొదటి గడి ముందే చెప్పేసి ఉంటుంది. అందుకే గళ్ళు ఈ వరసలో ఉండాలి.

అడుగు 5: “వాడు” “వాళ్ళు” అయిన చోట ఎర్ర గీత

ఇది నిదానంగా చెయ్యండి, ఒక సాయంత్రం మొత్తం దీనికే పెట్టుకోండి.

1991 మార్చి 3న లాస్ ఏంజెలెస్ పోలీసులు రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని చితకబాదారు, ఆ వీడియో లోకమంతా చూసింది. సరిగ్గా 13 రోజులకి, మార్చి 16 ఉదయం, అదే నగరంలో సౌత్ సెంట్రల్ అనే పేటలో ఒక కొరియన్ కుటుంబం నడిపే షాపులోకి లటాషా హార్లిన్స్ అనే పదిహేనేళ్ళ నల్ల అమ్మాయి వెళ్ళింది. ఆరెంజ్ జ్యూస్ సీసా ధర 1 డాలర్ 79 సెంట్లు. సీసా వీపు సంచిలో పెట్టుకుని కౌంటర్ దగ్గరికొచ్చింది, చేతిలో రెండు డాలర్లున్నాయి. కౌంటర్ వెనకున్నావిడ దొంగతనమనుకుని పట్టుకుని లాగింది, అమ్మాయి కొట్టింది, జ్యూస్ కౌంటర్ మీద వదిలేసి వెనక్కి తిరిగింది, ఆవిడ తుపాకీ తీసి తల వెనక కాల్చింది. అంతా షాపు కెమెరాలో ఉంది. జ్యూరీ ఆవిణ్ణి దోషి అంది, పదహారేళ్ళ దాకా శిక్ష వెయ్యొచ్చు. నవంబర్‌లో జడ్జి వేసింది ఐదేళ్ళ ప్రొబేషన్ (జైలు బయటే, కోర్టు నిఘాలో ఉండడం), 400 గంటల సమాజ సేవ, 500 డాలర్ల జరిమానా. ఒక్కరోజు కూడా జైలు పడలేదు.

నోట్‌బుక్‌లో ఎదురెదురు పేజీలు తెరవండి. ఎడమవైపు కౌంటర్ వెనకవాళ్ళు, కుడివైపు కౌంటర్ ముందువాళ్ళు. ఒక్కొక్కరికీ మూడు గళ్ళూ గీయండి.

ఎడమవైపు నేను రాసినవి: 1965 అల్లర్లలో ఆ పక్కనే ఉన్న వాట్స్ పేట తగలబడ్డాక పెద్ద షాపులు ఆ చుట్టుపక్కల నుంచి వెళ్ళిపోయాయి. కొరియా నుంచి డిగ్రీలతో వచ్చి, ఆ డిగ్రీల్ని ఇక్కడ ఎవరూ పట్టించుకోక, మన చిట్టీల్లాంటి వాటిలో డబ్బు కూడబెట్టి ఆ చిన్న షాపులు కొన్నవాళ్ళు వీళ్ళు. రోజుకి పద్నాలుగు గంటలు కౌంటర్ దగ్గరే, ఇంగ్లీషు అంతంతమాత్రం, దోపిడీల భయం. ఈ కుటుంబాన్ని గ్యాంగులవాళ్ళు బెదిరించారని కోర్టులోనూ చెప్పారు. ఆ భయం అబద్ధం కాదు, ఆ కౌంటర్ వెనక నేను కూర్చున్నాను కాబట్టి ఆ మాట గట్టిగా చెప్పగలను. ఇక్కడ స్టోర్లలో కాల్పుల్లో పోయిన మన పిల్లల వార్తలు మీరూ చదివే ఉంటారు.

కుడివైపు: షాపులో అడుగు పెట్టగానే వెనకాలే ఎవరో నడుస్తారు. చిల్లర చేతిలో పెట్టరు, కౌంటర్ మీద పెడతారు. కొరియన్ల అలవాటులో అపరిచితుల చెయ్యి తాకకపోవడం, కళ్ళలోకి చూడకపోవడం మర్యాదే కావచ్చు, కానీ డబ్బు తీసుకునేవాడికి అది వేరేగా తగులుతుంది. ఎలా తగులుతుందో టీ కొట్టు దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఉన్న ఊళ్ళో పెరిగినవాళ్ళకి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఇక తన పేటలో తనే ఒక షాపు పెట్టుకుందామంటే బ్యాంకు లోను ఇవ్వదు, ఎందుకివ్వదో అడుగు 3లో చూశాం.

ఇప్పుడు ‘బ్లాక్ కొరియా’ పెట్టండి. ‘డెత్ సర్టిఫికెట్’ అనే ఆల్బమ్‌లోది, 1991 అక్టోబర్ చివర వచ్చింది, నిమిషం కూడా ఉండదు. షాపులోకి వెళ్ళిన నల్ల యువకుడు తన వెనకాలే తిరుగుతున్న షాపువాళ్ళ మీద మండిపడతాడు, ఇంతవరకూ అతనికి జరిగిందే. అక్కడి నుంచి పాట ఎంత వేగంగా ఆ షాపు దాటి ప్రతి కొరియన్ షాపు మీదకీ వెళ్తుందో, చివరికి షాపులు తగలబెడతామనే దాకా ఎలా వస్తుందో చూడండి. “వీడు” “మీరంతా” అయిన ఆ మాట కింద ఎర్ర గీత గీయండి. జాతి వివక్ష గురించి అంత పదునుగా రాసే మనిషి కూడా తనవంతు వచ్చేసరికి ఆ మెట్టు అలాగే దిగాడు. నేను ఐస్ క్యూబ్‌ని ఇష్టపడతాను కాబట్టి ఇది రాయడం నాకు బాగా లేదు, అయినా వేరే ర్యాపర్ని వెతుక్కుంటే అడుగు 1లో మొహమాటపడ్డట్టే. కొరియన్ కిరాణా షాపులవాళ్ళు అతను ప్రకటనల్లో కనిపించే మద్యం బ్రాండ్‌ని అమ్మడం మానేశారు, కంపెనీ ఆ ప్రకటనలు ఆపేసింది, తర్వాత అతను వాళ్ళకి క్షమాపణ చెప్పాడు.

1992 ఏప్రిల్ 29న రాడ్నీ కింగ్ కేసులో పోలీసులు శిక్ష లేకుండా బయటపడ్డారు, నగరం అంటుకుంది. 50 మందికి పైగా చనిపోయారు, రెండు వేలకి పైగా కొరియన్ల షాపులు దెబ్బతిన్నాయి. కొరియన్లు ఆ రోజుని ఇప్పటికీ సాయిగు అంటారు, నాలుగు-రెండు-తొమ్మిది అని. పాట వల్ల నిప్పంటుకుందని నేననను, పాట ఆ గాలిలో ఉన్నదాన్ని పట్టుకుంది.

ఇక్కడ ఒక సందేహం రావాలి: రోజూ కలిసేవాళ్ళు కదా, కలుస్తూ ఉంటే దురభిప్రాయం పోతుందంటారే? గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే దీనికి జవాబు రాశాడు. కలవడం ఒక్కటే చాలదు, ఇద్దరూ సమానంగా కలవాలి, ఒకే పని కోసం కలిసి పనిచెయ్యాలి, పైవాళ్ళు, చట్టం దాన్ని సమర్థించాలి. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య కౌంటరుంది, చాలాచోట్ల గుండ్లు దిగని గాజు కూడా. రోజుకి వందసార్లు కలిసినా అది కలవడం కిందకి రాదు. మన ఊళ్ళో పాలేరు రోజూ మా పెరట్లోకి వచ్చేవాడు, ముప్ఫై ఏళ్ళు వచ్చాడు, వసారా దాటి లోపలికి రాలేదు.

అడుగు 6: తూకం వెయ్యండి

“ఇద్దరి బాధా నిజమే” అని రాసుకున్నాక చాలామంది నోట్‌బుక్ మూసేస్తారు. జాయ్నర్ లూకస్ పాట మీద వచ్చిన ప్రధాన విమర్శ కూడా ఇదే, చెరో మూడు నిమిషాలిచ్చి, చివర్లో ఇద్దర్నీ కౌగిలించుకోబెట్టి, రెండు పక్షాల్నీ సమానం చేసేశాడని. ఆ విమర్శ సబబే అనుకుంటాను, పాట పనికొస్తుందనీ అనుకుంటాను.

కాబట్టి ప్రతి “వాళ్ళంతే” పక్కన ఇంకో గడి: దీనివల్ల ఎదుటివాడికి ఏం పోతుంది? ఎర్ర టోపీ ఆయన్ని ఆ కుర్రాడు తిడితే ఆయన మనసు నొచ్చుకుంటుంది. కుర్రాడి గురించి ఆయన అనుకునేదాంతో ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది, పోలీసు ఆపినప్పుడు ప్రాణం కూడా పోవచ్చు. 1 డాలర్ 79 సెంట్ల అనుమానానికి ఒక ప్రాణం, ఆ ప్రాణానికి 500 డాలర్ల జరిమానా. మా అరుగు మీద మాట కూడా అలాంటిదే, ఎవరికి ఇల్లు అద్దెకివ్వాలో, ఎవరి పిల్లాడికి ఏ పని చెప్పాలో ఆ అరుగే తేల్చేది. వాడ వాళ్ళు మమ్మల్ని ఏమనుకునేవాళ్ళో నాకు తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమే రాలేదంటే చూడండి ఎవరి చేతిలో ఏముందో.

మనవాళ్ళ కోసం ఒక పక్క మాట. భారతీయుడు తెల్లవాడు కాడు కాబట్టి పౌరసత్వం రాదని అమెరికా సుప్రీం కోర్టు 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో తేల్చింది. మనం గుంపులుగా ఇక్కడికి రాగలిగింది 1965 ఇమిగ్రేషన్ చట్టం తర్వాత, నల్లవాళ్ళ పౌరహక్కుల ఉద్యమం వేడిలో, 1964 పౌరహక్కుల చట్టం వెనకాలే వచ్చిందది. మన సంఘాల సమావేశాల్లో వేదిక మీద అందరికీ శాలువాలు కప్పుతాం, ఈ సంగతి ఎత్తగా నేను వినలేదు.

ఐస్ క్యూబ్ పాట అయిన వెంటనే, రేపటికి వాయిదా వెయ్యకుండా, టుపాక్ ‘కీప్ యా హెడ్ అప్’ వినండి. 1993లో వచ్చింది, లటాషా హార్లిన్స్‌కి అంకితం. అదే చావు, అదే కోపం, కానీ పాట షాపువాళ్ళ వైపు తిరగదు, తన వాళ్ళలోనే ఆడవాళ్ళని మగవాళ్ళు ఎలా చూస్తున్నారు, అలా చూస్తూ పెరిగిన పిల్లలు ఏమవుతారు అని అడుగుతుంది. టుపాక్ ఒంటి మీద ఉన్న ‘థగ్ లైఫ్’ పచ్చబొట్టులో ఒక్కో అక్షరానికి అతను చెప్పిన విస్తరణ కూడా ఇదే ధోరణి, పసిపిల్లలకి మీరు పెట్టే ద్వేషం చివరికి అందర్నీ నాశనం చేస్తుందని, కొంచెం పచ్చిగా. రెండు పాటల పేజీలూ పక్కపక్కన పెట్టి ఎర్ర గీతలు లెక్కపెట్టండి.

అడుగు 7: ఇప్పుడు మీ పాట

‘ద బ్లాకర్ ద బెర్రీ’లో కెండ్రిక్ సృష్టించిన మనిషి మొదటి నుంచీ తనని తాను కపటిని అని తిట్టుకుంటాడు, ఎందుకో చెప్పడు. పాటంతా తెల్లవాళ్ళ ద్వేషం మీద నిప్పులు. చివరి లైన్లలో గానీ తెలియదు, ట్రేవాన్ మార్టిన్ (2012లో ఫ్లోరిడాలో ఒక పేట కాపలాదారు కాల్చి చంపిన నల్ల కుర్రాడు) చనిపోయాడని ఏడ్చిన ఆ మనిషే గ్యాంగు గొడవలో తనకంటే నల్లవాడిని చంపాడు. దీని మీదా గొడవలయ్యాయి, పోలీసు హింసనీ గ్యాంగు హింసనీ ఒకే గాట కట్టాడని. ఆ తగువు తీర్చడం మన పని కాదు. మనకి కావలసింది ఆ రాసే తీరు, నేరం చివర్లో, నేరస్థుడు “నేను”.

“నేను అలాంటివాణ్ణి కాదు గానీ” అని మొదలుపెట్టి పదహారు లైన్లు రాయండి. ప్రాస అక్కర్లేదు, వస్తే మంచిదే. అందులో ఇల్లు, వీధి, మీకు మొదట చెప్పిన మనిషి, మీకు జరిగిన ఒకే ఒక్క సంఘటన, మీరు పారేసిన సంఘటన ఉండాలి. “సమాజం నాకు నేర్పింది” అని రాయకండి, సమాజానికి నోరు లేదు, ఎవరు చెప్పారో పేరు రాయండి. ఆ మనిషిని విలన్‌ని చెయ్యకుండా రాయడం చాలా కష్టం, మా పెదనాన్న నాకు ఈత నేర్పించాడు, ఆ లైను కూడా పెట్టాల్సి వచ్చింది. నా మొదటి ప్రయత్నం నిండా పశ్చాత్తాపం కారింది, చదివితే నాకే చిరాకేసింది, చింపేశాను.

అడుగు 8: పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకోవడం

ఇది చివర్లోనే. నలుగురైదుగురు మించొద్దు. ఎవరి నోట్‌బుక్ వాళ్ళు చదవాలి, పక్కవాడిది లాక్కోకూడదు. “నేను నీకంటే పెద్ద పాపిని” పోటీ మొదలైతే టీ పెట్టి బ్రేక్ ఇవ్వండి. ఎవరి మీద “వాళ్ళంతే” ఉందో ఆ జనంలోంచి ఒక్కరినే పిలిచి “మీ వాళ్ళ గురించి చెప్పండి” అని అడగొద్దు, వచ్చినాయన అతిథి, సాక్షి కాడు.

నేను ఆ ఇరవై డాలర్ల రూమ్మేట్‌కి ఫోన్ చేశాను, ఎన్నిసార్లు ఇచ్చావురా అని. ఎప్పుడూ ఇవ్వలేదట, ఎవరూ అడగలేదట. తనకి ఆ మాట చెప్పిన సీనియర్ని కూడా అడిగాడు, ఆయన్నీ ఎవరూ అడగలేదు.

మా అమ్మాయికి పదమూడేళ్ళు. నా గళ్ళు చూసి తనూ గీసుకుంది, తన నోట్‌బుక్ తనది కాబట్టి నేను అడగలేదు, తనే తెచ్చి చూపించింది. చూసింది గడి ఖాళీ. జరిగింది గడి ఖాళీ. విన్నది గడిలో మొదటి లైను: ‘ఈ ఎగ్జిట్ దగ్గర గ్యాస్ కొట్టించొద్దు, డోర్స్ లాక్ చెయ్. నాన్న, థాంక్స్‌గివింగ్‌కి అట్లాంటా వెళ్తున్నప్పుడు.’ నేనెప్పుడన్నానో నాకు గుర్తు లేదు. తనకి ఎగ్జిట్ నంబర్ కూడా గుర్తుంది.